వానలో రెండు రోజుల పట్నం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మైకు ముందుకు వచ్చానంటే కరువు భత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో మాట్లాడతానని మీకందరికీ తెలుసు. ఈసారి కార్యదర్శిగారు ముందే షరతు పెట్టారు. "డి.ఏ. అనే మాట రాకుండా పావుగంట మాట్లాడాలి, నవ్వించినా సరే" అన్నారు. సరేనని 2024 ఆగస్టులో నేను, మా శ్రీమతి హైదరాబాదు వెళ్ళి రెండు రోజులుండి వచ్చిన ముచ్చట చెబుదామని వచ్చాను.

సిద్దిపేట నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్లు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఊరికి యాత్రాచరిత్ర కూడానా అని మీరు అనుకోవచ్చు. అయ్యా, ఈ నూరు కిలోమీటర్లు పోవడానికి మాకు ముప్పై ఏడు సంవత్సరాలు పట్టింది. అందుకే చెబుతున్నాను.

1987లో మా అత్తగారిని హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో చేర్చాము. అప్పుడూ వానాకాలమే. మా శ్రీమతి తల్లి మంచం దగ్గర పన్నెండు రోజులు కూర్చుంది. ఒకనాడు మందుల కోసం ఇద్దరం సిటీబస్సులో పోతుంటే అద్దానికి కారుతున్న నీళ్ళలోంచి చార్మినారు కనబడింది. "దిగి ఒక్కపారి సూద్దామా?" అని అడిగింది. "ఇప్పుడు ఏం చూపు, మళ్ళీ తీరిగ్గా వద్దాం" అన్నాను. ఆ తర్వాత నేను నా ఉద్యోగంలో హైదరాబాదుకు ఎన్నిసార్లు పోయానో టి.ఏ. బిల్లులే సాక్ష్యం. లెక్కలు సరిచూసుకోవడానికి అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి, పనుల మీద డైరెక్టరేటుకు. గౌలిగూడ బస్టాండులో దిగడం, పని చూసుకోవడం, రాత్రి బస్సుకు తిరిగి రావడం. ఆ బస్టాండు రేకుల గుమ్మటం 2018లో కూలిపోయింది. నేను 2008లో రిటైరయ్యాను. ఆమె మాత్రం ప్రతిసారీ అడుగుతూనే ఉంది, నేను "ఆఫీసు పని మీద పోతున్నా, విహారానికి కాదు" అంటూనే ఉన్నాను. రిటైరయ్యాక ఆఫీసు పని లేదు గనుక పోవలసిన అవసరమే లేదన్నాను. చూడండి, ప్రభుత్వ ఉద్యోగి తర్కం!

2024 ఎండాకాలంలో ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు నిలకడ అయ్యాక ఒకరోజు చాయ్ తాగుతూ, "ఇప్పుడన్నా చార్మినార్ సూపిస్తరా?" అన్నది. ఇక తప్పలేదు. తేదీ పెట్టుకున్నాము. సరిగ్గా అదే వారం ముసురు పట్టింది. "వాన తగ్గినాక పోదాం" అన్నాను. ఆమె ఏమందో వినండి: "వాన తగ్గినంక చలి అంటరు. చలి తగ్గినంక ఎండలంటరు. ఇంట్ల గొడుగులు రెండున్నయి." ఫైలు మీద ఇంతకన్నా స్పష్టమైన ఆర్డరు నేను సర్వీసులో చూడలేదు.

ఇక్కడ మన వయసువాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను. సాలార్జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు గనుక బుధ, గురువారాలు ఎంచుకున్నాము. వానాకాలంలో గోలకొండ కోట పెట్టుకోలేదు. తడిసిన రాతి మెట్లు మన మోకాళ్ళకు కాదు. జారని చెప్పులు, మందులు పూటపూటకు విడివిడి పొట్లాలు, ఆధార్ జిరాక్సు, ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో. లాడ్జిలో లిఫ్టు ఉందో లేదో ముందే ఫోను చేసి అడగాలి. రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకూడదు. ఇవన్నీ నేను కాగితం మీద రాసుకుని పోయాను. రాసుకోనిది ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పోయేటప్పుడు రైలులో పోయాము. సిద్దిపేటకు రైలు వస్తుందంటే మన తరం నవ్వేది. 2023 అక్టోబరు 3న సికింద్రాబాదుకు బండి మొదలైంది. బస్సు కంటే ఆలస్యమే, కానీ కాళ్ళు చాపుకోవచ్చు, లేచి తిరగవచ్చు, మరుగుదొడ్డి గురించి చింత లేదు. ఈ మూడూ మన వయసులో ఎంత పెద్ద సౌకర్యాలో విడమరచి చెప్పనక్కరలేదు. గజ్వేలు దాటేదాకా కిటికీ పక్కన వానలో మక్క చేలు, పత్తి చేలు. మా శ్రీమతి పొద్దున్నే లేచి సర్వపిండి చేసి కట్టుకొచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు ఒత్తి, వేళ్ళతో తూట్లు పెట్టి నూనె పోసి కాల్చినది. చల్లటి వానగాలిలో చల్లారిన సర్వపిండి కూడా ఎంత రుచిగా ఉంటుందో మీకు తెలిసిందే. ఎదురుగా కూర్చున్న పిల్లలకు కూడా తలా ఒక ముక్క పెట్టింది. కొత్త కళ్ళతో కిటికీ లోంచి ఒక్కొక్క చెరువునూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

సికింద్రాబాదులో దిగి మెట్రో ఎక్కాము. జె.బి.ఎస్. నుంచి ఎం.జి.బి.ఎస్. వరకు పోయే ఈ దారి 2020 ఫిబ్రవరిలో మొదలైంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. పైనుంచి చూస్తే ముషీరాబాదు, నారాయణగూడ వానలో గొడుగుల ఊరులాగా కనిపించాయి. సుల్తాన్ బజారులో దిగి ఒక మామూలు లాడ్జిలో సామాను పెట్టి, ఇడ్లీ తిని, ఆటోలో మ్యూజియానికి పోయాము.

వానాకాలంలో పట్నం చూడాలంటే సాలార్జంగ్ మ్యూజియాన్ని మించిన చోటు లేదు. మూడో సాలార్జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో చనిపోయేదాకా సేకరించినవి, ఆయన తాత తండ్రులు సేకరించినవి కలిపి 1951 డిసెంబరులో నెహ్రూగారి చేతుల మీదుగా దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి 1968లో మార్చారు. మేము అన్నీ చూడాలని పోలేదు. నాలుగైదు గదులే చూశాము, మధ్యమధ్య కూర్చున్నాము.

గంట కొట్టే గడియారం దగ్గర జనం ముందే చేరి కూర్చుంటారు. సెకను సెకనుకూ ఒక కమ్మరి బొమ్మ సుత్తితో కొడుతూ ఉంటుంది. గంట కాగానే చిన్న గదిలోంచి ఒక బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. మా ఆఫీసులో కూడా ఒకాయన సరిగ్గా ఐదింటికే బయటికి వచ్చేవాడని నేనంటే పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర మా శ్రీమతి చాలాసేపు నిలబడిపోయింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. 1876లో మొదటి సాలార్జంగ్ కొన్నాడు. మొహం మీద పలచని మేలిముసుగు, దాని వెనక కన్ను, ముక్కు, పెదవి అన్నీ కనిపిస్తాయి. కానీ ముసుగూ రాయే, మొహమూ రాయే. "ఆపరేషన్ కాకముందు నాకు అందరూ గిట్లనే కనబడేది" అన్నది ఆమె. రెండు సంవత్సరాలు నాతో కలిసి ఉంటూ నన్ను ముసుగు వెనకనుంచి చూసిందన్నమాట. ఆపరేషన్ తేదీలు, బిల్లుల మొత్తాలు నాకు గుర్తున్నాయి గానీ, ఆమెకు ఏమి ఎట్లా కనిపిస్తున్నదో నేను ఎన్నడూ అడగలేదు.

సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో ఇరానీ హోటల్లో కూర్చున్నాము. ఇరానీ చాయ్‌లో పాలు వేరు, డికాక్షను వేరు. ఆకును మూతపెట్టిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు మరగనిస్తారు, పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు. కప్పులో రెండూ కలిసినప్పుడే అది చాయ్ అవుతుంది. షుగరు ఉన్నవాళ్ళు చక్కెర లేకుండా అని ముందే చెప్పాలి, నేను చెప్పడం మరిచిపోయాను. మరిచిపోయానని అంటున్నాను, మీరు నమ్మండి! వాన కొంచెం తెరిపి ఇచ్చాక మొజంజాహీ మార్కెట్టుకు పోయాము. 1935లో కట్టిన రాతి మార్కెట్టు, 2020లో బాగు చేశారు. వానలో చేతికి ఐస్‌క్రీము తీసుకుని ఆమె, "మన పిల్లలు చూస్తే తిడతరు" అన్నది. పిల్లలు చూడలేదు.

రెండో రోజు పొద్దున ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి పోయాము. మా నాయనమ్మ చిన్నప్పుడు మాకు తుగ్యానీ కథ చెప్పేది. తుగ్యానీ అంటే వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్నాన్ని ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. ఈ చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తర్వాతనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించాడు. ఆయన సలహా మీద మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే తర్వాత పట్నానికి తాగునీళ్ళు ఇచ్చాయి. అట్లాగని వాన పట్నాన్ని వదిలిపెట్టలేదు. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో బస్తీలు మునిగాయి. 2020 వానలకు ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకే నీళ్ళు వచ్చి దాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది.

చెట్టు కింద నిలబడి మా శ్రీమతికి ఇంకొక సంగతి చెప్పాను. రుబాయీలకు పేరుపడ్డ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని తానొక్కడే బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా బతికి 1961లో పోయాడు. ఆమె ఏమీ అనలేదు. తడిసిన చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

అక్కడినుంచి ఆటోలో చార్మినారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన కట్టడం. ముప్పై ఏడేళ్ళ కింద బస్సు అద్దంలోంచి చూసినదాన్ని ఆమె ఈసారి గొడుగు పక్కకు తీసి, తల పైకెత్తి, మొహం మీద చినుకులు పడుతుండగా చూసింది. పైకి మెట్లు ఇరుకు, పైగా తడి. ఎక్కవద్దనుకున్నాము. "కిందికెల్లి చూస్తేనే పెద్దగ కనబడ్తది" అని తానే సర్దిచెప్పింది.

శ్రావణమాసం గనుక గాజుల కోసం లాడ్ బజారులోకి పోయాము. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళు అద్దుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆమె ఒక దుకాణంలో కూర్చుని గాజులు చూస్తుంటే వాన మళ్ళీ జోరందుకుంది. "నేను ఆటో మాట్లాడి వస్తా, ఇక్కడే ఉండు" అని బయటికి పోయాను. ఆటో దొరకలేదు. తిరిగి వద్దునుగదా, ఏ దుకాణమో తెలియలేదు. వానకు అందరూ ముందర నీలం ప్లాస్టిక్ పరదాలు దించేశారు. అన్నీ గాజుల దుకాణాలే, అన్నింటిలో దీపాలే, అన్నింటిలో ఆడవాళ్ళే. ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని, గుండె దడదడ కొట్టుకున్నది. పొద్దున చింతచెట్టు కింద చెప్పిన కథ మళ్ళీ మళ్ళీ మనసులోకి వచ్చింది.

అక్కడ డ్యూటీలో ఉన్న ఒక కానిస్టేబుల్ నన్ను చూసి ఆపాడు. కొడుకు వయసువాడు. సంగతి చెప్పాను. "పరేషాన్ కాకు పెద్దాయనా, ఫోన్ చెయ్" అన్నాడు. నాకు ఆమె నెంబరు నోటికి రాదు. నా ఫోనులో "ఇల్లు" అని ఉంటుందని తీసి ఇచ్చాను. అతను నొక్కాడు. నా భుజానికున్న సంచిలోనే మోగింది. తడుస్తాయని పొద్దున రెండు ఫోన్లూ ప్లాస్టిక్ సంచిలో పెట్టింది నేనే.

"సరే, అమ్మ ఏ రంగు చీర కట్టుకుంది?" అని అడిగాడు.

అయ్యా, నేను చెప్పలేకపోయాను. పొద్దున ఆరింటినుంచి ఆమె నా పక్కనే ఉన్నది. పచ్చదా, ఎర్రదా, ఏమీ గుర్తుకు రాలేదు. "ఏమన్న గుర్తు? ఎత్తా, పొట్టా, అద్దాలున్నయా?" అన్నాడు. ఆపరేషన్ తర్వాత అద్దాలు పెట్టుకుంటున్నదో లేదో కూడా గట్టిగా చెప్పలేకపోయాను. ముప్పై ఆరేళ్ళు సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి నేను. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ, కుడి చెంప మీద గాటు అని ఎన్ని వందలమంది గుర్తింపు చిహ్నాలు రాశానో లెక్కలేదు. నా పి.పి.ఓ. నెంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా భార్య కట్టుకున్న చీర రంగు చెప్పలేకపోయాను.

ఆ కానిస్టేబుల్ ఏమీ అనలేదు. నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి తాను వెతకడానికి పోబోతుంటే, ఇంతలో పదిహేనేళ్ళ పిల్లవాడొకడు వానలో తడుస్తూ వచ్చి నా గొడుగు వంక చూసి, "సిద్దిపేట సాబ్ మీరేనా? అమ్మ పిలుస్తుంది" అన్నాడు. "నన్నెట్లా గుర్తుపట్టావురా?" అంటే గడగడా చెప్పాడు. తెల్ల చొక్కా, జేబు కింద సిరా మరక, నల్ల గొడుగుకు ఒక కమ్మీ విరిగింది, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు, ఎవరినీ దారి అడగడు. ఆమె ఇచ్చిన గుర్తులు అవి. నా సర్వీసు రిజిస్టరులో కూడా నా గురించి ఇంత సరిగ్గా లేదు.

దుకాణంలో ఆమె నిమ్మళంగా కూర్చుని ఉన్నది. ఎవరో చాయ్ కూడా తెప్పించి ఇచ్చారు. "యాడికి పోయిన్రు? నేను ఉన్నకాడనే ఉన్న. తప్పిపోయింది మీరు" అన్నది. నేను ముందు చీర చూశాను. ఆకుపచ్చ చీర, అంచులో తలమీద చల్లకుండలు పెట్టుకున్న గొల్లభామలు. మన సిద్దిపేట నేత. నేను రిటైరైన నాడు నా చేతులతో కొనిచ్చిన చీర. అద్దాలున్నాయి, సన్న ఫ్రేము. ఎడమ కనుబొమ్మ పైన చిన్న మచ్చ ఉన్నది. అది చిన్నప్పుడు బావి గట్టు తగిలి అయిందట, ఆనాడే అడిగి తెలుసుకున్నాను. పెళ్ళై యాభై ఏళ్ళు కావస్తున్నది.

ఆ తర్వాత చార్మినారు పక్కన ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తిన్నాము. కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా ఉంటాయి. ఆ కానిస్టేబుల్‌కు కూడా చాయ్ ఇప్పిద్దామంటే డ్యూటీ అని నవ్వి పోయాడు. అతని పేరు అడగలేదు, అదీ నా పొరపాటే. అతను ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

సాయంత్రం జె.బి.ఎస్.లో బస్సెక్కాము. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం గదా. కండక్టరు ఆమెకు జీరో టికెట్టు కొట్టి నా దగ్గర పైసలు తీసుకున్నాడు. "సూసిన్రా, సర్కారుకు కూడ నా విలువ తెలిసింది" అన్నది. శామీర్‌పేట దాటేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చేతికి కొత్త గాజులు.

మిత్రులారా, నేను చెప్పదలచింది ఇంతే. మనమందరం ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తాము. అది ఒక్కరోజు ఆలస్యమైతే పింఛను ఆగుతుందని హడావిడి పడతాము. ఆ బతకడాన్ని మాత్రం వాన తగ్గాక, ఎండ తగ్గాక, పిల్లలు సెలవుల్లో వచ్చి పోయాక అని వాయిదా వేస్తూ పోతాము. మనలో కొందరికి ఇప్పటికే పక్కన మనిషి లేరు. వాళ్ళ ముందర ఈ కథ చెప్పడానికి నేను కొంచెం జంకాను. కానీ మొన్న మన సంఘ సభ్యులొకరు, భార్యను పోగొట్టుకున్నాయన, నా ముచ్చట విని, "ఇది అందరికీ చెప్పు" అన్నారు. అందుకే చెప్పాను.

పక్కన మనిషి ఉన్నవాళ్ళు దూరం పోనక్కరలేదు. వాన పడుతుండగా మన కోమటి చెరువు కట్ట మీదికి పోయి, కాల్చిన మక్క కంకి చెరిసగం చేసుకున్నా చాలు. ఊరు పోతే మాత్రం ఎవరి ఫోను వారి దగ్గరే పెట్టుకోండి, రెండు నెంబర్లూ కాగితం మీద రాసుకోండి, ఒకరు తప్పిపోతే ఇంకొకరు ఉన్నచోటనే ఉండాలని ముందే మాట్లాడుకోండి. ఇంటినుంచి బయలుదేరేటప్పుడు ఒక్క క్షణం ఆగి, పక్కనున్న మనిషిని మంచిగా చూడండి.

ఈ రోజు మా శ్రీమతి మూడో వరుసలో కూర్చున్నది. వంకాయ రంగు చీర, జరీ అంచు. వెనక్కి తిరిగి చూడకుండా చెబుతున్నాను, కావాలంటే చూసుకోండి.